సస్పెన్షన్‌లో మందు అడుగుకు దిగిపోతోంది, గమ్ పెంచితే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బీఫార్మసీ ప్రాజెక్టుకి 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే పారాసిటమాల్ సస్పెన్షన్ (కరగని మందు కణాలు ద్రవంలో తేలుతూ ఉండే సిరప్) చేశారు. రెండు వారాలకే పైన తేట నీరు, కింద తెల్లటి మడ్డి కనిపించాయి. ద్రవాన్ని చిక్కబరిచే జాంథాన్ గమ్ పెంచమని గైడ్ అన్నారు. చిక్కబడితే క్వాలిటీ పెరిగినట్టేనా అని అడుగుతున్నారు.

హైదరాబాద్‌లో ఓరల్ లిక్విడ్స్ ఫార్ములేషన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి చూసింది చెప్తాను. గమ్ పెంచితే మందు దిగడం ఆలస్యమవుతుంది, అంతవరకు మీ గైడ్ మాట కరెక్టే. కానీ దిగిన మందు ఊపితే లేస్తుందా, మొదటి చెంచాలోనూ చివరి చెంచాలోనూ ఒకే మోతాదు వస్తుందా అన్న రెండింటి సంగతీ గమ్ ఒక్కటే తేల్చదు. గమ్ మరీ ఎక్కువైతే ఈ రెండూ చెడిపోతాయి కూడా.

ముందు చిన్న లెక్క వేయండి. ద్రవంలో కణం ఎంత వేగంగా దిగుతుందో చెప్పే స్టోక్స్ సూత్రం మీ సిలబస్‌లో ఉంటుంది. పారాసిటమాల్ సాంద్రత దాదాపు 1.29. చక్కెర, సార్బిటాల్ వేసిన ద్రవం సాంద్రత 1.1 అనుకుందాం. కణం సైజు 20 మైక్రాన్లు, చిక్కదనం 1000 సెంటీపాయిజ్ అయితే కణం రోజుకి మూడున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. 10 సెం.మీ. ఎత్తున్న సీసాలో నాలుగు వారాలకి అడుగుకు చేరిపోతుంది. 1000 సెంటీపాయిజ్ అంటే బాగానే చిక్కన, అయినా నెల కూడా ఆగలేదు. మనకు కావలసిన షెల్ఫ్ లైఫేమో రెండేళ్లు. అదే చిక్కదనంలో కణాన్ని 5 మైక్రాన్లకు తగ్గించి చూడండి. సూత్రంలో సైజుకి వర్గం ఉంది కాబట్టి వేగం పదహారో వంతుకి పడిపోయి, అదే దూరానికి సుమారు పదిహేను నెలలు పడుతుంది. నిజం సీసాలో కణాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి, గమ్ ద్రావణం కూడా స్టోక్స్ అనుకున్నంత సాదా ద్రవం కాదు, కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని కూర్చోకండి. దేని బలం ఎంతో తెలియడానికి మాత్రం ఈ లెక్క చాలు. మీరు వాడిన పారాసిటమాల్ మైక్రోనైజ్ చేసిందా (మైక్రాన్ల సైజుకి సన్నగా నూరిందా), మామూలు పౌడరా అన్నది గమ్ కన్నా ముందు చూడాలి.

మరి గమ్ ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉంది. జాంథాన్, సోడియం సీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే ఇంకో చిక్కబరిచే పదార్థం) రెండింటితో ఒకేలా చిక్కగా రెండు బ్యాచ్‌లు చేయండి. చిక్కదనం కొలిచే బ్రూక్‌ఫీల్డ్ విస్కోమీటర్‌లో 50 ఆర్‌పీఎం (నిమిషానికి 50 చుట్లు) దగ్గర రెండూ ఇంచుమించు ఒకే రీడింగ్ చూపించేలా సర్దండి. ఇప్పుడు అదే స్పిండిల్‌తో (ద్రవంలో తిరిగే కడ్డీతో) 1 ఆర్‌పీఎంకి దించి చూడండి. సీఎంసీ రీడింగ్ కొంత పెరుగుతుంది, జాంథాన్ రీడింగ్ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ల చేత మొదట చేయించేది ఇదే. ఆ రెండు సీసాల్నీ కిటికీ పక్కన ర్యాకులో వదిలేస్తాం. కొన్నాళ్లకి సీఎంసీ సీసా మెడ కింద వేలెడు మందాన తేట కనిపిస్తుంది, జాంథాన్ సీసా పాల సీసాలా ఉంటుంది. రిపోర్టులో 50 ఆర్‌పీఎం అంకె ఒక్కటే రాసుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి.

కారణం ఏమిటంటే, ర్యాకులో కదలకుండా ఉన్న సీసాలో కణం తన బరువుతో ద్రవాన్ని తోసే తోపుడు చాలా తక్కువ. ఆ స్థితిలో జాంథాన్ గొలుసులు ఒకదానికొకటి అల్లుకుని వలలా పట్టి ఉంచుతాయి. సీసా ఊపగానే వల విడిపోయి మందు ధారగా పడుతుంది, ఆపగానే మళ్లీ అల్లుకుంటుంది. కణాన్ని మోసేది ఆ నిలకడ స్థితిలోని బలమే. అందుకే మామూలు సిరప్ సస్పెన్షన్లలో జాంథాన్ 0.2 నుంచి 0.3 శాతం వేస్తే చాలు. మీరు 0.6కో 0.8కో పోతున్నారంటే లోపం వేరే చోట ఉందనుకోండి.

ఎక్కువైతే ఏమవుతుందో చెప్తాను. ఫిల్లింగ్ లైన్‌లో మొదటి గొడవ గాలితోనే. చిక్కటి ద్రవంలో స్టిర్రర్ తిప్పినప్పుడు దూరిన బుడగలు పైకి రావు. మందు చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒక మి.లీ. బరువు తూస్తే ఉండాల్సిన దానికన్నా తక్కువ వస్తుంది. ఫిల్లింగ్ మెషీన్ కొలతతో నింపుతుంది కాబట్టి ప్రతి 5 మి.లీ.లోనూ ఆ మేరకు మందు తగ్గినట్టే. అస్సే (మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష) తక్కువ వచ్చిందని క్యూసీ (నాణ్యత తనిఖీ) వాళ్లు తలపట్టుకుంటే, కొన్నిసార్లు దోషి ఈ గాలే. వ్యాక్యూమ్ పెట్టి గాలి తీసేస్తే అస్సే సరిపోతుంది. మీ కాలేజీ ల్యాబ్‌లో వ్యాక్యూమ్ వెసెల్ ఉండదు, కాబట్టి బ్యాచ్‌ని రాత్రంతా వదిలి పొద్దున ఒక మి.లీ. బరువు మళ్లీ తూయండి.

రెండోది కొలతకప్పు. బాగా చిక్కటి సస్పెన్షన్‌ని 5 మి.లీ. గీతదాకా పోసి పిల్లాడి నోట్లో వంచండి, తర్వాత కప్పు చూడండి. గోడలకి తెల్లగా అంటుకుని మిగిలినదంతా పిల్లాడికి అందని మోతాదు. జ్వరం మందులో ఈ తేడాని తల్లులు పట్టించుకోరు, కొన్ని మందుల్లో మాత్రం అది ప్రమాదం. ఫార్మసీ పాఠాల్లో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ సస్పెన్షన్. సరిగ్గా ఊపకుండా పోస్తే సీసా మొదట్లో మోతాదు చాలక ఫిట్స్ వస్తాయి, చివర్లో అడుగు మందంతా వచ్చి విషమయ్యే స్థాయికి చేరవచ్చు. ఫెనిటాయిన్‌కి మోతాదు కొంచెం పెరిగినా రక్తంలో స్థాయి ఒక్కసారిగా ఎగిరే గుణం ఉంది, అందుకే అంత భయం. అలాంటి మందుకి పలచగా ఉండి తేరుకునే సస్పెన్షన్ ఎంత చెడ్డదో, ఊపినా కదలనంత చిక్కటిదీ అంతే చెడ్డది.

మూడోది డిజల్యూషన్, అంటే మందు ఎంత వేగంగా కరుగుతుందో చూసే పరీక్ష. చిక్కటి ద్రవం చుట్టూ జిగురులా ఉంటే మందు కరిగి బయటికి రావడం నెమ్మదిస్తుంది. సస్పెన్షన్‌లకి ప్యాడిల్‌ని నిదానంగా, తరచుగా 25 లేదా 50 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతారు. గమ్ ఎక్కువున్న శాంపిల్ ఆ వేగానికి చెదరకుండా ముద్దగా పాత్ర అడుగున కూర్చుంటుంది. మొదటి పావుగంట రీడింగ్ పడిపోతే ముందు ఆ ముద్దని చూడండి.

ఇక మడ్డి సంగతి. తేట కనిపించగానే కంగారు పడతాం గానీ, తేట కన్నా భయపడాల్సింది అడుగున గట్టిపడిన కేక్. కణాలు విడివిడిగా, చాలా నిదానంగా దిగితే ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని బిగిసిపోతాయి. అంటే చాలని గమ్ వేసి కేవలం ఆలస్యం చేస్తే, కేక్ ఇంకా గట్టిగా తయారయ్యే వీలుంది. అదే కణాలు వదులుగా గుత్తులు కట్టి దిగితే తొందరగా దిగుతాయి, తేట కూడా ఎక్కువ కనిపిస్తుంది, కానీ నాలుగు ఊపులకి లేచిపోతాయి. దీన్నే ఫ్లాక్యులేషన్ అంటారు. కొద్దిగా ఉప్పు జాతి పదార్థం, ఉదాహరణకి సోడియం సిట్రేట్, వేసి గుత్తులు కట్టించి, ఆ గుత్తుల్ని మోసేటంత జాంథాన్ వేయడం మంచి పద్ధతి. పరీక్షకి ఖరీదైన మెషీన్ ఏమీ అక్కర్లేదు. నెలరోజులు కదపని సీసాని తీసుకోండి, తలకిందులు చేయండి, అడుగు గాజులోంచి వెలుతురుకి చూడండి. తెల్లటి బిళ్ల అలాగే అంటుకుని ఉందా, జారుతోందా? గాజు కడ్డీతో గీకితే మెత్తగా కలుస్తుందా, సుద్దముక్కలా గరగరలాడుతుందా? ఎన్ని ఊపులకి అడుగు శుభ్రపడిందో రాసుకోండి. మీ థీసిస్‌లో ఈ వరుస విస్కాసిటీ టేబుల్ కన్నా ఎక్కువ చెప్తుంది.

గమ్ కలిపే తీరు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. జాంథాన్ పౌడర్‌ని నేరుగా నీళ్లలో కుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా అవి కరగవు. వేసిన గమ్ అంతా పనిచేయడం లేదు కాబట్టి చిక్కదనం చాలదు, మళ్లీ ఇంకా వేస్తాం. ముందు గ్లిజరిన్‌లో తడిపి, సుడి తిరుగుతున్న నీళ్లలో సన్నగా వదలండి, చక్కెర, ఉప్పులు వేయకముందే పూర్తిగా నాననివ్వండి. చక్కెర ముందే పడితే నీళ్లన్నీ అదే పట్టేసుకుంటుంది, గమ్‌కి మిగలవు. మిథైల్ సెల్యులోజ్‌ది ఉల్టా పద్ధతి: వేడినీళ్లలో చెదరగొట్టి, చల్లబరుస్తూ కరిగించాలి, వేడిలో అది కరగదు.

గ్లిజరిన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చిక్కదనం కోసమో తడపడం కోసమో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ ద్రవాల్లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసి ఉంటే ప్రాణాలు పోతాయి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ఎలిక్సిర్‌తో వందమందికి పైగా పోయారు, 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో గ్లిజరిన్‌తోనే రోగులు చనిపోయారు, 2022లో గాంబియా పిల్లల మరణాల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. ఆ విషానికి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) పెట్టిన పరిమితి 0.10 శాతం. ప్రాజెక్టుకే కదా అని ఇండస్ట్రియల్ గ్రేడ్ డబ్బా తెరవకండి.

సీఎంసీ వాడితే సూక్ష్మజీవుల మీద కన్నేసి ఉంచాలి. ఒక చోట శనివారం కలిపిన సీఎంసీ ద్రావణాన్ని ప్రిజర్వేటివ్ వేయకుండా ట్యాంకులో వదిలేశారు, సోమవారం పొద్దున చూస్తే పలచబడిపోయింది. సెల్యులోజ్‌ని కోసే ఎంజైములు బ్యాక్టీరియా, బూజుల దగ్గర ఉంటాయి, గొలుసులు తెగితే చిక్కదనం పోతుంది. ప్రిజర్వేటివ్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మిథైల్ సెల్యులోజ్, తడపడానికి వేసే పాలీసార్బేట్ 80 లాంటివి పారాబెన్లలో (బూజుని ఆపే ప్రిజర్వేటివ్‌లలో) కొంతభాగాన్ని తమలో పట్టి ఉంచుకుంటాయి. అస్సేలో పారాబెన్ పూర్తిగా కనిపిస్తుంది, బూజుని ఆపడానికి మిగిలేది మాత్రం తక్కువ. గమ్ పెంచినప్పుడల్లా ప్రిజర్వేటివ్ చాలెంజ్ టెస్టు (కావాలని సూక్ష్మజీవుల్ని వేసి అవి చస్తాయో లేదో చూసే పరీక్ష) మళ్లీ చేయాలి.

ఛార్జీ సంగతి కూడా చూసుకోండి. జాంథాన్, సీఎంసీ రెండూ రుణావేశం ఉన్నవి. ధనావేశం ఉన్న మందుతోనో, బెంజాల్కోనియం లాంటి ప్రిజర్వేటివ్‌లతోనో కలిస్తే విరిగి తెల్లటి పోగులు పడొచ్చు. పారాసిటమాల్‌కి ఈ టెన్షన్ లేదు.

కాబట్టి మీ బ్యాచ్‌కి వరుసగా ఇలా చేయండి. ముందు మైక్రోస్కోప్ కింద కణం సైజు చూడండి. తర్వాత జాంథాన్ 0.2, 0.3, 0.4 శాతాలతో మూడు ట్రయల్స్ పెట్టండి, ఒక్కోదాన్నీ సిట్రేట్‌తో, సిట్రేట్ లేకుండా చేయండి. రీడింగ్ పక్కన స్పిండిల్ నంబరు, ఆర్‌పీఎం, ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు. మన దేశంలో లాంగ్ టర్మ్ స్టెబిలిటీ (ఎక్కువకాలం నిల్వలో మందు ఎలా ఉంటుందో) 30 డిగ్రీల దగ్గర చూస్తారు. మీకు అంత టైమ్ ఉండదు కాబట్టి 40 డిగ్రీల చాంబర్‌లో పెట్టి, నెలకోసారి సీసా పైనుంచీ అడుగునుంచీ విడివిడిగా శాంపిల్ తీసి అస్సే చేయండి. ముందు ఊపకుండా, తర్వాత పదిసార్లు ఊపి. ఆ నాలుగు అంకెలు చూపిస్తే ఏ ఎగ్జామినరూ గమ్ శాతం గురించి గొడవపడడు.

మీ జాంథాన్ 80 మెష్‌దా 200 మెష్‌దా (మెష్ అంటే పొడి ఎంత సన్నదో చెప్పే జల్లెడ నంబరు), చక్కెర ఎంత వేశారు, ఏ స్టిర్రర్ వాడారు అన్నవి కింద రాస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.