సమాధానం: క్యాంపస్ రేడియోలో వార్తల బులెటిన్ పెట్టొచ్చా?

యూనివర్సిటీ కమ్యూనిటీ రేడియోలో రోజూ వార్తలు చదువుతామంటే ఇన్‌ఛార్జి సారు ఒప్పుకోలేదని రాశారు. ఆయన మీద కోపం వద్దండీ, లైసెన్సు పోతుందని ఆయన టెన్షన్. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు, రాజకీయాలు ప్రసారం చేయకూడదని కేంద్ర ప్రభుత్వం 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఆకాశవాణి వార్తల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా వినిపించవచ్చు. (పక్కనే పత్రికలన్నీ అచ్చేస్తుంటే రేడియోకే ఈ ఆంక్ష ఏమిటో నాకూ మింగుడుపడదు.)

అయితే దారి ఉంది. పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగావకాశాలు, వాతావరణం, ట్రాఫిక్, సాంస్కృతిక కార్యక్రమాలు, అధికారులు ఇచ్చే కరెంటు, నీటి కోతల ప్రకటనలు వార్తల కిందికి రావు. ఆటల పోటీల సమాచారమూ ఇవ్వొచ్చు. పేరు 'క్యాంపస్ సమాచారం' అని పెట్టి, ఒక వారం స్క్రిప్టులు ముందే రాసి సారు చేతిలో పెట్టండి. ప్రసారమైన ప్రతి రికార్డింగూ మూడు నెలలు దాచాలన్న నిబంధన ఉంది. ఆ బాధ్యత ఎవరిదో కూడా చెప్పండి, సగం మెత్తబడతారు.

మీ వాళ్లు చదువుతూ తడబడుతున్నారన్నారు కదా, అది స్క్రిప్టు తప్పు. 'రుసుము చెల్లింపు గడువు పొడిగించబడినట్లు తెలియజేయడమైనది' అని సర్క్యులర్ భాషే దించితే ఎవరికైనా నాలుక మడతపడుతుంది. 'పరీక్ష ఫీజు కట్టడానికి శుక్రవారం దాకా టైముంది' అని రాయండి. తేదీని చివర్లో ఇంకోసారి చెప్పించండి, మధ్యలో విన్నవాళ్లకు అదే కావాలి.