అరికాలి నల్లమచ్చ పెరుగుతుంటే ఆనెకాయ అనుకోవద్దు

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ పొలం పనే. ఏడాదిన్నర కిందట మడమ కింద చిన్న నల్లమచ్చ వచ్చింది. ఇప్పుడది రూపాయి బిళ్లంత అయింది, అప్పుడప్పుడూ రసి కారుతోంది, నొప్పి మాత్రం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆనెకాయ అని పైపైన చెక్కి మందు పూశారు. ఎండ వల్ల చర్మ క్యాన్సర్ వస్తుందంటారు, ఇది అదేనా?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: మీ నాన్నగారిని ఈ వారంలోనే చర్మవ్యాధి నిపుణులకు చూపించండి. ఫొటో చూసో, మీరు రాసింది చదివో ఇది ఫలానా జబ్బని ఎవరూ తేల్చలేరు. కానీ పెద్ద వయసులో కొత్తగా పుట్టి, నెలల తరబడి పెరుగుతూ, రసి కారే నల్లమచ్చ అరికాలిలో కనిపిస్తే మెలనోమా అనే క్యాన్సర్ కాదని నిర్ధారించుకునే వరకు ఊరుకోకూడదు. నొప్పి లేదు కదా అన్న ధైర్యం వద్దు, ఎందుకంటే ఈ జబ్బు మొదట్లో నొప్పి పుట్టించదు.

మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలకు మెలనిన్ అనే రంగుపదార్థం ఎండ నుంచి చాలావరకు రక్షణ ఇస్తుంది. అందుకే మనవాళ్లలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద, అంటే ఎండ పెద్దగా తగలని చోట్లే వస్తుంది. ఈ రకానికి ఎండతో సంబంధం అంతగా లేదు. ఆనెకాయ అనో, దెబ్బకు రక్తం గడ్డకట్టిందనో, గోరుచుట్టు అనో అనుకుని నెలలు గడిపేయడం వల్లే చాలామంది ముదిరాక ఆసుపత్రికి వస్తున్నారు, నన్ను బాగా బాధపెట్టే విషయం ఇదే.

ఇకపై ఆ మచ్చను చెక్కనివ్వకండి, ఆనెకాయ పట్టీలు, నాటుమందులు వేయకండి. నిర్ధారణకు ముక్క తీసి పరీక్షించాలి. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది, అది నిజం కాదు. ఆ పరీక్ష చేస్తేనే మచ్చ ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. లోతు ఒక మిల్లీమీటరు లోపే ఉంటే చుట్టూ కొంత మంచి చర్మంతో కలిపి కోసి తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో కూడా డాక్టరు చూస్తారు. క్యాన్సరేనని తేలితే హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల చికిత్స దొరుకుతుంది.

ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు వేరు. అవి ముఖం, చెవులు, కింది పెదవి మీద మానని పుండుగానో, మెరిసే చిన్న కాయగానో మొదలవుతాయి. ఏళ్ల తరబడి పొలంలో ఉన్న మనిషి కాబట్టి వెళ్లినప్పుడు ఆ భాగాలనూ, పాత కాలిన మచ్చలేమైనా ఉంటే వాటినీ డాక్టరుకు చూపించండి.