మేతలో మందు కలిపే ముందు

చిరంజీవి సంధ్యకు, మేనమామ ఆశీస్సులు.

నరసన్నపేటలో ఇంటి వెనుక తొట్లు కట్టించి గోల్డ్‌ఫిష్, గప్పీలు పెంచబోతున్నావనీ, వాటి ఒత్తిడి తగ్గడానికి వెల్లుల్లి, పసుపు, అశ్వగంధ మేతలో కలుపుతావనీ మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

కలపడం కష్టం కాదు. కిలో మేతకు 10 గ్రాముల వెల్లుల్లి పొడి మించనివ్వకు. పసుపును కొద్దిపాటి నూనెతో కలిపితేనే ఒంటబడుతుంది. నీడన ఆరబెట్టి, మన తీరపు తేమకు బూజు పట్టకుండా వారానికి సరిపడా మాత్రమే చేసుకో. వేప జోలికి పోకు, మోతాదు మించితే చేపకు అది విషమే.

మీ నాన్న నీకు చెప్పి ఉండడు కాని, నువ్వు పుట్టకముందు ఆ పెరట్లోనే ఆయనా గోల్డ్‌ఫిష్ పెంచాడు. ఎండాకాలంలో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే బెదిరాయనుకుని, మేతలో వెల్లుల్లి, పసుపు పెంచుతూ పోయాడు. అవి తినలేదు; తినని మేత అడుగున కుళ్లి, ఇరుకు తొట్టిలో చేపల వ్యర్థాల వల్ల అప్పటికే ఉన్న అమ్మోనియాను ఇంకా పెంచింది. నీరు వేడెక్కేకొద్దీ, పీహెచ్ (నీటి క్షారగుణం) పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత విషమవుతుందని చెప్పేవారు ఆయనకు లేరు. నీరు మార్చవలసిన రోజుల్లో మందు మార్చాడు. చేపలన్నీ పోయాక తొట్లు పగలగొట్టించి, చాలాకాలం ఆ వైపుకే వెళ్లలేదు. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత కటువుగా రాస్తున్నాను తల్లీ: పరీక్ష కిట్టుతో నీరు చూడకుండా మేత డబ్బా ముట్టుకోకు. మేత ముట్టని చేపకు మేతలో మందు ఎలా అందుతుంది?

ఒత్తిడిలో చేప ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి, రోగనిరోధక శక్తి తగ్గి, తెల్లమచ్చ, రెక్కల కుళ్లు వంటి జబ్బులు పట్టుకుంటాయి. కాబట్టి చేపలను ఏరడం, దూరం పంపడం వంటి పనులుంటే రెండు మూడు వారాల ముందే ఈ మేత మొదలుపెట్టు. సంచుల్లో నింపే ముందురోజు మాత్రం ఏ మేతా వేయకు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సీఫాకు ఒకసారి వెళ్లి, వాళ్లు పెంచే తీరు చూసి రా.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు మన జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. గాలి ఆడని తొట్టిలో ఏ మూలికా పనిచేయదు. దసరాలోపు నీటిలోకి గాలి పంపే బ్యాటరీ ఏరేటరు కొను. కొనకపోతే నేనే తెచ్చి బిగిస్తాను.

నీ మేనమామ