పదిహేడు అంగుళాల ల్యాప్‌టాప్: ఎన్ని రోజులు మోస్తారు?

ప్రశ్న: ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఆదాయం ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. ఏడేళ్ల నాటి డెస్క్‌టాప్ బాగా నెమ్మదించింది. దాన్ని తీసేసి 17 అంగుళాల తెర ఉన్న పెద్ద ల్యాప్‌టాప్ కొనాలని ఉంది. ధర నా సగటు నెల ఆదాయానికి రెండింతలు. చేతిలో మూడు నెలల ఆదాయమంత పొదుపు ఉంది. దాని జోలికి పోనక్కర్లేకుండా, వడ్డీ లేని 24 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. నెలకు రెండు మూడుసార్లు క్లయింట్ల దగ్గరికి వెళ్లి చేసిన పని చూపించి, మార్పులు రాసుకొస్తుంటాను. గది చిన్నది. మెయిల్స్ చూసుకోవడానికి పాత చిన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. కొనమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ధర కాదండీ. ‘చూపించి, మార్పులు రాసుకొస్తుంటాను’ అన్న మాట. అంటే అక్కడ మీరు ఎడిటింగ్ చేయడం లేదు. తయారైన వీడియో ప్లే చేస్తున్నారు. ఆ పని మీ పాత చిన్న ల్యాప్‌టాప్ చేసి పెడుతుంది. దానికోసం మూడు కిలోల మెషీన్ని, దాదాపు కిలో తూగే అడాప్టర్‌ని భుజాన వేసుకోనక్కర్లేదు.

డెస్క్‌టాప్ బదులు పెద్ద ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు అన్న సౌకర్యానికి అదనంగా డబ్బు కడుతున్నారు. తీసుకెళ్లేవాళ్లకి అది న్యాయమైన ఖర్చే. నేను మాత్రం తీసుకెళ్లలేదు. కొన్నేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి కొన్నాను. మొదటి నెల ప్రతి మీటింగ్‌కీ మోశాను, రెండో నెల భుజం నొప్పి, మూడో నెల నుంచి అది టేబుల్ మీదే ఉండిపోయింది. గుర్రాన్ని కొని గుంజకి కట్టేసినట్టు. రోజంతా ఛార్జర్‌కి తగిలించే ఉంచేవాణ్ణి. మూడో ఏడు టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేస్తే ఏమిటా అని చూశాం, కింద బ్యాటరీ ఉబ్బింది. లిథియం అయాన్ బ్యాటరీని ఎప్పుడూ నూరు శాతం దగ్గర, అదీ వేడిలో ఉంచితే త్వరగా పాడవుతుంది. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోయే సెట్టింగ్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

సరే, లెక్కలోకి వద్దాం. ల్యాప్‌టాప్ ధర 100 అనుకోండి. దానికి దీటుగా పనిచేసే డెస్క్‌టాప్, 27 అంగుళాల మానిటర్, కీబోర్డు, యూపీఎస్ అన్నీ కలిపి 70 అనుకుందాం. ఈ 70 నా అంచనా. మీకు వచ్చిన కొటేషన్లు చూసి ఆ అంకె మార్చుకోండి, పద్ధతి మాత్రం మారదు.

ల్యాప్‌టాప్ 100 దగ్గర ఆగదు. మీకు అది అన్నం పెట్టే పనిముట్టు కాబట్టి వారంటీ పొడిగించుకోక తప్పదు, అది ఒక 10. అయిదేళ్లలో ఒకసారి బ్యాటరీ మార్పు, 7. ఇంకో ఖర్చు కొనేటప్పుడు ఎవరికీ గుర్తురాదు: మానిటర్. 17.3 అంగుళాల తెర షోరూమ్‌లో పెద్దగానే కనిపిస్తుంది. పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటే అయితే, 27 అంగుళాల తెర వైశాల్యం దానికి దాదాపు రెండున్నర రెట్లు. టైమ్‌లైన్, ప్రివ్యూ, ఫైళ్ల జాబితా మూడూ ఒకేసారి కనబడాల్సిన పని మీది. పైగా ల్యాప్‌టాప్ తెర కళ్లకి కింద ఉంటుంది, మెడ వంచే కూర్చోవాలి. ఆరు నెలలు తిరక్కుండానే మానిటర్, స్టాండ్, విడి కీబోర్డు కొంటారు. అది 15. మొత్తం 132. అయిదేళ్ల తర్వాత 20కి అమ్ముడుపోయినా మిగిలిన భారం 112, అంటే ఏడాదికి 22 పైచిలుకు.

డెస్క్‌టాప్ 70. మధ్యలో గ్రాఫిక్స్ కార్డో, ర్యామో పెంచడానికి 15, యూపీఎస్ బ్యాటరీకి 3. చివర్లో 10 వస్తుందనుకుంటే 78. ఏడేళ్లకి పంచితే ఏడాదికి 11 చిల్లర. మీ పాత డెస్క్‌టాప్ ఏడేళ్లు లాగిందని మీరే రాశారు కాబట్టి ఈ ఆయుష్షు నేను గాల్లోంచి తీసింది కాదు.

తేడా ఏడాదికి 11. మీ నెల ఆదాయం ఈ కొలతలో 50, నెలకు 25 పనిదినాలనుకుంటే రోజుకి 2. అంటే ఏడాదికి అయిదున్నర రోజుల సంపాదన. మీరు ఏడాదికి ముప్పై సార్లు క్లయింట్ల దగ్గరికి వెళ్తారు. ఒక్కో రాకపోకకీ ఒక రోజు సంపాదనలో అయిదో వంతు లోపే పడుతుంది. అంతేనా, పెద్ద ఖర్చేం కాదు కదా అంటారేమో. నిజమే. మీరు అక్కడే కూర్చుని ఎడిట్ చేసేవారైతే, ఆ అయిదో వంతు పెట్టుకుని కొనెయ్యమనే చెప్పేవాణ్ణి. ఇంట్లో ఉన్న చిన్న ల్యాప్‌టాప్ అదే పని ఊరికే చేస్తుంటే అది కూడా దండగే.

దీనికంటే నన్ను భయపెట్టేది రిపేరు. పెద్ద ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ సాధారణంగా మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. అది పోతే బోర్డు మొత్తం పోయినట్టే. కీబోర్డు మీద టీ ఒలికినా, తెర పగిలినా మెషీన్ అంతా సర్వీసుకి వెళ్లాలి. పది రోజులు పని ఆగితే మీ కొలతలో 20 పోయింది, అంటే ల్యాప్‌టాప్ ధరలో అయిదో వంతు. వారంటీ విడిభాగాలకి వర్తిస్తుంది, ఈ పది రోజులకి వర్తించదు. డెస్క్‌టాప్‌లో పవర్ సప్లై కాలిపోతే ఇంకొకటి తెచ్చి సాయంత్రానికి బిగించుకోవచ్చు.

పేరు చూసి కూడా మోసపోకండి. ఆర్‌టీఎక్స్ 4090 అన్న గ్రాఫిక్స్ చిప్‌నే తీసుకోండి. డెస్క్‌టాప్ కార్డుకి 24 జీబీ మెమరీ, 450 వాట్ల కరెంటు. ల్యాప్‌టాప్‌లో అదే పేరున్న చిప్‌కి 16 జీబీ, మహా అయితే 175 వాట్లు. పేరొక్కటే, సరుకు వేరు. అంత వేడిని సన్నటి పెట్టెలోంచి బయటికి పంపడం కష్టం మరి. తెర పెద్దది చేసినా ఈ చిక్కు తీరదు. 2017లో ఏసర్ 21 అంగుళాల వంపు తెరతో ప్రిడేటర్ 21 ఎక్స్ అనే ల్యాప్‌టాప్ తెచ్చింది. ఎనిమిది కిలోల పైన తూగేది, పైగా రెండు అడాప్టర్లు. దాన్ని ఒళ్లో పెట్టుకోమని ఎవరికీ చెప్పలేం.

ల్యాప్‌టాప్ వైపు న్యాయం లేదని కాదు. కరెంటు పోతే దాని బ్యాటరీయే యూపీఎస్. ఇల్లు మారేటప్పుడు సంచిలో సర్దేసుకోవచ్చు. గది చిన్నదన్నారు, అది కాదనలేని కారణమే. అయితే ఇప్పుడు చిన్న సైజు కేబినెట్లు వస్తున్నాయి, మానిటర్ని గోడకి బిగించుకోవచ్చు. టేప్ పట్టుకుని ఒకసారి టేబుల్ కొలవండి. మానిటర్ తప్పదనుకుంటే ల్యాప్‌టాప్ కొన్నా మీకు కలిసొచ్చే జాగా అంతంతే.

వాయిదాల సంగతి. 24 భాగాలు చేస్తే నెలకి మీ సగటు ఆదాయంలో ఎనిమిది శాతం పైచిలుకు, చూడ్డానికి తేలికే. కానీ మీకు సగటు నెల అంటూ ఉండదు కదా, పని లేని నెలలోనూ అంతే కట్టాలి. ‘వడ్డీ లేదు’ అన్న మాటని కూడా ఒకసారి గీకి చూడండి. ఒకేసారి డబ్బు కడితే ఎంతకిస్తారని అడగండి. 94కి ఇస్తామంటే, వాయిదాల్లో మీరు కట్టే 100లో 6 వడ్డీయే. లెక్కగడితే ఏడాదికి సుమారు 6 శాతం. పైన ప్రాసెసింగ్ ఫీజు 2 ఉంటే 8 శాతం దాటుతుంది. అప్పుగా అది ఘోరమేమీ కాదు, అప్పు అని తెలిసి తీసుకోవాలంతే.

పొదుపులోంచి తీయడం అంతకంటే వద్దు. ఆదాయం నిలకడగా లేనివాళ్లకి ఆరు నెలల ఖర్చులకి సరిపడా పక్కన ఉండాలంటాను. మీ మూడు నెలల ఆదాయం ఎన్ని నెలల ఖర్చుకి వస్తుందో లెక్క వేసుకోండి. అందులోంచి రెండు నెలలది ఒక మెషీన్‌కి పోస్తే, అది పాడైన రోజున మీ దగ్గర బాగుచేయించే డబ్బూ ఉండదు.

అందుకని, కుదిరితే తొమ్మిది నెలలు ఆగండి. పాత డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) లేకపోతే ఒకటి వేయించి, ర్యామ్ పెంచండి. వీటిని తర్వాతి మెషీన్‌లో వాడుకోగలరేమో అడిగి మరీ కొనండి. ప్రాక్సీ ఫైళ్లతో ఎడిట్ చేస్తున్నారా? చేయకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. అసలు ఫైళ్లకి తక్కువ రిజల్యూషన్ కాపీలు చేసుకుని వాటి మీద పని చేసి, ఆఖరి ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్లతో రాత్రిపూట పెట్టి పడుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. ఒక జాగ్రత్త: విండోస్ 10 మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) 2025 అక్టోబర్ 14న ముగిసింది. మీ మెషీన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో ముందు చూసుకోండి. పనికిరాకపోతే తొమ్మిది నెలలని నాలుగు చేసుకుని, తక్కువపడిన సొమ్ముకి మాత్రమే వాయిదాలు పెట్టుకోండి. ఈలోగా వచ్చిన ప్రతి చెల్లింపులోంచి ఆరో వంతు విడిగా ఒక ఖాతాలో వేయండి. తొమ్మిది నెలలకి నెలన్నర ఆదాయం పోగవుతుంది. డెస్క్‌టాప్‌కి కావలసింది 70, అంటే మీకు నెలా పది పనిదినాల ఆదాయం. మిగిలినదాంట్లో బ్యాకప్‌కి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనండి. క్లయింట్ల ఫుటేజీ ఒక్క మెషీన్‌లోనే ఉంచుకునే అలవాటుంటే, అది డెస్క్‌టాప్ అయినా ల్యాప్‌టాప్ అయినా మానుకోవాల్సిందే.

ఈ తొమ్మిది నెలల్లో ఎవరైనా క్లయింట్ ‘మా ఆఫీసులోనే కూర్చుని ఎడిట్ చేసి పెట్టండి’ అని నెలకి పదేసి రోజులు పిలిస్తే నా జవాబు తిరగబడుతుంది. అప్పుడు పెద్ద ల్యాప్‌టాపే కొనండి. ఆ పదిరోజుల రేటులో దాని ఖర్చు కలిపి మరీ ఒప్పుకోండి.