ఆ కూరగాయలు ఏమయ్యాయి?

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు నువ్వు పంపిన పాఠకుల అభిప్రాయాలన్నీ చదివాను. అవి చదివాక, 1971 పాకిస్తాన్ యుద్ధం నాటి విశాఖలో నడిచే నీ ప్రేమకథా నవల మళ్లీ ఒకసారి తీరిగ్గా చదువుకుని ఇప్పుడు రాస్తున్నాను.

"ఒకరు బాగుందన్నది ఇంకొకరు బాగాలేదంటున్నారు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఎవరి మాటా వినకు, నీ మనసు చెప్పింది రాయి అనేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను ఆ మాట అనను. సొంత డబ్బు పెట్టి కొని, చివరిదాకా చదివి, పని మానుకుని కూర్చుని రాసి పంపినవాళ్లు వీళ్లు. అయితే పాఠకులు చెప్పేదాంట్లో రెండు ముక్కలు ఉంటాయి. ఎక్కడ ఇబ్బందిపడ్డారో చెప్పేది ఒకటి, దాన్ని ఎలా సరిచెయ్యాలో చెప్పేది రెండోది. మొదటిదాంట్లో వాళ్లు దాదాపు ఎప్పుడూ తప్పు చెప్పరు. రెండోది నీ పని.

ముందు చిన్నవి చూద్దాం. 1971 డిసెంబర్ 3 రాత్రి విశాఖపట్నంలో నీ కథానాయిక ఇందిరాగాంధీ ప్రసంగాన్ని టీవీలో చూసిందని రాశావు. అప్పటికి మన దేశంలో టీవీ ఒక్క ఢిల్లీలోనే ఉంది. విశాఖ ఆ ప్రసంగాన్ని రేడియోలోనే విన్నది. ఈ తప్పు పట్టుకున్నాయన కాస్త కటువుగానే రాశాడు, అయినా ఆయనకు వెంటనే కృతజ్ఞతలు చెప్పి రెండో ముద్రణలో దిద్దేయి. యుద్ధకాలం మీద రాసే నవలలో ఇలాంటిది ఒక్కటి దొర్లినా, ఆ తర్వాత నువ్వు చెప్పే నిజాల్ని కూడా పాఠకుడు అనుమానంగా చూస్తాడు. పైగా రేడియో అయితే నీ సన్నివేశం ఇంకా పండుతుంది. ఆ అర్ధరాత్రి ఊరు ఊరంతా రేడియోల దగ్గర మేలుకుని ఉంది. ఆ సమయంలోనే సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది, బీచ్ వైపు ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయి. చీకట్లో రేడియోకి చెవులు రిక్కించి కూర్చున్న ఆడపిల్లకి ఆ చప్పుడు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు.

కథానాయకుడి విషయంలో "అతను గూఢచారి కాదని నలభయ్యో పేజీలోనే పసిగట్టేశాను" అన్నావిడ గురించి అంత బాధపడకు. పసిగట్టాక కూడా ఆవిడ చివరిదాకా చదివింది, చివరి అధ్యాయం గురించి రెండు పేజీలు రాసింది. డిటెక్టివ్ నవలలో అయితే పాఠకుడు ముందే కనిపెట్టడం లోపమే. ప్రేమకథలో కలిసిన సస్పెన్స్‌కి లెక్క వేరు. అతను మంచివాడని మనకు తెలుసు, కథానాయికకు తెలియదు. ఆమె పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంటే మనకు ఊపిరాడదు. నిజానికి నీ నవలలో అన్నిటికన్నా బిగువైన ఘట్టం అదే, పాఠకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నదీ దాన్నే. కాబట్టి గుట్టు ఇంకా లోతుగా దాచాలని పాత్రలచేత అడ్డగోలు అబద్ధాలు ఆడించకు.

కాకినాడ నుంచి రాసిన పెద్దావిడ మాట మాత్రం జాగ్రత్తగా విను. కథానాయిక తల్లికి 1971లో నలభై దాటాయి. అంటే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు ఆమె ఎదిగిన పిల్ల. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీసిన రోజులవి. అలాంటి తల్లి మళ్లీ యుద్ధం వచ్చిందంటే, ఉట్టినే "భగవంతుడా" అని దండం పెట్టుకుని ఊరుకుంటుందా? బియ్యం డబ్బా ఎక్కడుందో చూసుకుంటుంది, నగలు నడుముకి కట్టుకుంటుంది, కూతుర్ని ఏ ఊరు పంపాలో రాత్రికి రాత్రే తేల్చేస్తుంది. ఆ తల్లికి ఒక అధ్యాయం ఇవ్వు. ఇప్పుడు ఆమె కాఫీలు అందించడానికి తప్ప కనిపించడం లేదు.

ఇక అసలు విషయం. "ప్రేమ తక్కువ, యుద్ధం ఎక్కువ" అని కొందరు, "యుద్ధం పేరు చెప్పి ప్రేమకథ చదివించారు" అని ఇంకొందరు. "ఒక్క మాట చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది కదా, ఎందుకు చెప్పలేదు" అని చాలామంది. "చివర్లో ఆమె అంత తొందరగా ఎలా క్షమించింది" అని ఇంచుమించు అందరూ. నీకు ఇవి నాలుగు వేర్వేరు ఫిర్యాదుల్లా కనిపిస్తున్నాయి. నాకు ఒకటే కనిపిస్తోంది. నీ దృష్టి అంతా రహస్యం మీదే ఉంది. ఆ రహస్యానికి మూల్యం ఎవరు చెల్లించారో నువ్వు చూడలేదు.

నువ్వు ఎంచుకున్న చరిత్ర ఎంత గొప్పదో ఒకసారి గుర్తు చేసుకో. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌కి బాయిలర్‌లో పగులు, పూర్తి వేగంతో పోలేదు. అందుకని దాన్ని అండమాన్ వైపు దాచేసి, విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. రాజ్‌పుత్ అనే పాత నౌకను పంపి, విక్రాంత్ అదే అన్నట్టు వైర్‌లెస్ సందేశాలు ఎడతెగకుండా పంపించారు. విశాఖ కాంట్రాక్టర్లకు మాంసం, తాజా కూరగాయలు పెద్ద మొత్తంలో ఆర్డర్ ఇచ్చారు, ఊళ్లో ఉన్న గూఢచారుల చెవిన పడాలని. విక్రాంత్‌లోని ఒక నావికుడు జబ్బుపడ్డ తన తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఒక సందేశాన్ని, శత్రువు వినేలా, సంకేత భాష లేకుండా పంపించారు. అప్పట్లో తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఇవన్నీ తర్వాత తన పుస్తకంలో రాశారు.

ఆ చివరి సంగతి దగ్గర కాస్త ఆగు. తల్లి మీద కొడుక్కి ఉండే బెంగను కూడా యుద్ధం ఎరగా వాడుకుంది. నీ నవలకు ప్రాణం అక్కడుంది. నీ కథానాయకుడు నౌకాదళం స్టోర్స్‌లో పనిచేస్తాడు. కథానాయిక పూర్ణా మార్కెట్‌లో కూరగాయల కాంట్రాక్టరు కూతురు. ఆర్డర్ కాగితం పట్టుకుని ఆ కొట్టుకి వచ్చినప్పుడే అతను ఆమెను మొదటిసారి చూస్తాడు. అలాంటి మనిషి ఒకరు ఉన్నాడని చరిత్ర చెప్పదు. అది నీ కల్పన, చాలా మంచి కల్పన. అయితే అతను ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వచ్చింది ఆమె కోసమా, పుకారు బలపడటం కోసమా? పాఠకులు రకరకాలుగా అడుగుతున్నది ఇదే. నువ్వు మాత్రం ఆ ప్రశ్నను దాటవేశావు.

డిసెంబర్ 1971లో అతను ఎందుకు చెప్పలేదన్నదానికి నీ దగ్గర గట్టి జవాబు ఉంది, కానీ "అది దేశ రహస్యం" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టావు. పాఠకుడికి ఆ మాట చాలదు. మార్కెట్ మొత్తం నమ్మితేనే ఆ పుకారు పనిచేస్తుంది. కాంట్రాక్టరు కూతురికి నిజం తెలిస్తే ఆమె ముఖం మారుతుంది, తండ్రి కనిపెడతాడు, తండ్రి బేరాల్లో తేడా వస్తుంది, పక్క కొట్టువాడు పసిగడతాడు. ఈ గొలుసంతా ఒక సన్నివేశంలో కళ్లకు కట్టించు. అప్పుడు "ఒక్క మాట చెప్పి ఉంటే" అని ఎవరూ అడగరు. చెబితే ఏమయ్యేదో వాళ్లకే అర్థమవుతుంది.

ఇప్పుడు నీ కట్టలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించిన ఉత్తరం దగ్గరికి వస్తాను. నువ్వు దాన్ని అట్టడుగున పెట్టావు, బహుశా పనికిరానిదనుకున్నావేమో. కూరగాయల వ్యాపారం చేసే ఆయన రాసింది. నాలుగే వాక్యాలు. ప్రేమ గురించి లేదు, యుద్ధం గురించి లేదు. "అన్ని బస్తాల క్యాబేజీ, వంకాయ తెప్పించారు కదా, ఓడ రాలేదు కదా, ఆ సరుకంతా ఏమైంది? పాపం ఆ కాంట్రాక్టరుకి డబ్బు ఎవరిచ్చారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న చదివి నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. తాజా కూరగాయ రెండు రోజులు నిలవ ఉంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. నీ నవలలోనే రాశావు, ఆ తండ్రి ఆనందపురం వైపు రైతులకు అడ్వాన్సులు ఇచ్చాడని, అందుకోసం వడ్డీకి తెచ్చాడని. ఆ తర్వాత ఆ అప్పు ఊసే లేదు! వంకాయ మెత్తబడుతుంది, క్యాబేజీ పై ఆకులు నల్లబడి వాసన వేస్తాయి, కొట్టు వెనక సందులో పశువులు మూగుతాయి. సరుకు తీసుకోనిదే బిల్లు పాస్ కాదంటారు. రైతులు గుమ్మంలో కూర్చుంటారు. కూతురి పెళ్లికి దాచిన బంగారం తాకట్టుకి వెళుతుంది. ఆర్డర్ తెచ్చిన కుర్రాడికి ఇదంతా తెలుసు, ఆ ఇంట్లోనే కూర్చుని ఆమె ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు, నోరు విప్పలేడు. దేశం గెలిచింది, ఒక ఇల్లు మునిగింది. ప్రేమ ఎక్కువా యుద్ధం ఎక్కువా అన్న తగువు ఈ అధ్యాయం రాస్తే దానంతట అదే తీరిపోతుంది. ఇందులో రెండూ విడదీయరాకుండా ఉన్నాయి.

యుద్ధం అయిపోయాక సంగతి. 1972లో వాళ్లకి పెళ్లి చేశావు. అతను చనిపోయేదాకా ఏమీ చెప్పలేదన్నావు. ఒక పాఠకుడు సరిగ్గా పట్టుకున్నాడు: "అడ్మిరల్‌గారే పుస్తకం రాసేశాక ఇంక ఈయన దాచేదేమిటి?" నిజమే కదా. యుద్ధ రహస్యాలు ఏళ్ల తరబడి ఇళ్లలో దాగి ఉండటం కొత్తేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ సంకేతాలు ఛేదించినవాళ్లు వేలమంది, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1974లో ఆ పని గురించి పుస్తకం వచ్చేదాకా, అంటే యుద్ధం ముగిశాక దాదాపు 30 ఏళ్లు, వాళ్లు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. చట్టం అలా కట్టిపడేసింది. నీ కథానాయకుడికి ఆ అడ్డు తొలగిపోయింది. అయినా చెప్పలేదంటే అతను దాస్తున్నది కూరగాయల ఆర్డర్ కాదు. ఆ ఆర్డర్ బూటకమని తెలిసే మీ నాన్న చేత అప్పు చేయించాను అన్న సంగతి. మొదట మీ ఇంటికి నీ కోసం రాలేదు అన్న సంగతి. దానికి ఏ చట్టమూ అడ్డు లేదు, అడ్డల్లా అతని భయమే. ఈ తేడా నీకు మనసులో స్పష్టమైతే అతని మౌనం రెండు రకాలుగా రాయగలుగుతావు. పెళ్లికి ముందుది ఒకలా, తర్వాతది ఇంకోలా.

ఇది రాశాక క్షమించడం అంత తేలిక కాదు. ఇప్పుడు నీ నవలలో మనవరాలు ట్రంకు పెట్టెలో కాగితాలు చూపిస్తుంది, ముసలిదైన కథానాయిక కళ్లజోడు పెట్టుకుని చదువుతుంది, రెండు పేజీల్లో ఫొటోకి దండ వేస్తుంది. ఎవరు నమ్ముతారు? తండ్రి కొట్టు మూతపడటం చూసిన మనిషి ఆవిడ. ముందు కోపం రావాలి. చచ్చిపోయిన మొగుడి మీద కోపం ఎలా ఉంటుందో, అరవడానికి ఎదురుగా మనిషి లేకపోతే అది ఎటు మళ్లుతుందో రాయి. కాగితాలు తెచ్చిన మనవరాలి మీదే విసుక్కోవచ్చు. ఆ నెల తద్దినం పెట్టనని మొండికెయ్యచ్చు. ఆఖరికి క్షమించకపోయినా నాకు అభ్యంతరం లేదు. ఇద్దరు పాఠకులు "సుఖాంతం చేసినందుకు థాంక్స్" అన్నారని జంకకు. వాళ్లు కోరుకున్నది ఆ ఇద్దరి మధ్య ప్రేమ నిజమేనన్న భరోసా. ఆ భరోసా కోపంలోంచి కూడా ఇవ్వచ్చు.

మనవరాలి అధ్యాయాలు విసుగొచ్చాయని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది. సగానికి తగ్గించు.

ఇంకొక్క ఉత్తరం ఉంది. చిన్న కుర్రాడిలా ఉన్నాడు. "ఘాజీలో 90 మందికి పైగా చనిపోయారు, నవలలో ఒక్కరు కూడా వాళ్ల గురించి అనుకోలేదేంటి" అని రాశాడు. అది విమర్శ అని కూడా అతనికి తెలిసినట్టు లేదు, ఊరికే అడిగాడు. ఆ జలాంతర్గామి ఎలా మునిగిందన్న విషయంలో రెండు దేశాల మాటా ఇవాళ్టికీ కలవదు. దాన్ని నీ నవలలో తేల్చాలని చూడకు. రాజ్‌పుత్ దెబ్బేనని నీ పాత్రలు నమ్మితే నమ్మనీ, అది వాళ్ల నమ్మకంగానే ఉంచు. పోయిన మనుషుల మాట మాత్రం ఎవరో ఒకరు అనాలి. తేలిన చెత్తలో దొరికిన వస్తువులు ఒడ్డుకు తెచ్చినవాళ్లు మన జాలరులే. నీ నవలలో అప్పారావు అనే జాలరి ఉన్నాడు, ఓడల పేర్లు చెప్పి మాయమైపోతాడు. లైఫ్ జాకెట్ చేతిలో పట్టుకున్నవాడికి దాన్ని తొడుక్కోవాల్సిన మనిషి గుర్తుకు రాడా? ఆ మాట అతని చేత అనిపించు, నాలుగు ముక్కల్లో చాలు.

రాసేటప్పుడు ఒక్కటి చూసుకో. పేలుడు వినిపించింది 3వ తేదీ అర్ధరాత్రి దాటాక. ఘాజీ మునిగిందని అధికారికంగా ప్రకటించింది 9న. మధ్యలో ఐదారు రోజులు ఊరికి చప్పుడు తెలుసు, సంగతి తెలియదు. సరుకు కుళ్లేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. నువ్వు ఆ వారాన్ని ఒక్క పేరాలో దాటేశావు. ఇప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టు. కొట్టు అధ్యాయం ముందు రాసి నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఆ కూరగాయల వ్యాపారికి మాత్రం ఇవాళే జవాబు రాయి. వడ్డీ, బిల్లులు, రైతుల అడ్వాన్సులు ఎలా నడుస్తాయో ఆయన్నే అడుగు, సంతోషంగా చెబుతాడు.

ఆశీస్సులతో,
అత్తయ్య