అమ్మాయికి ఈ-గవర్నెన్స్ కోర్సు చేయించాలా? బిల్లుల సెక్షన్ చూసే ఒక తండ్రికి జవాబు

ప్రశ్న (కుదించి): మాది హన్మకొండ. మండల పరిషత్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ను, బిల్లులు చూస్తాను. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈ పూర్తి చేసింది. క్యాంపస్‌లో ఆఫర్ రాలేదు. ఐటీ కంపెనీల్లో మనుషులను తీసేస్తున్నారని రోజూ వింటున్నాం. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ-గవర్నెన్స్, పబ్లిక్ ఫైనాన్స్ సిస్టమ్స్‌లో పీజీ డిప్లొమా ఉందని చెప్పారు. ఫీజు రూ. 1,80,000. ప్రభుత్వ శాఖల్లో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు. సీటు కోసం రూ. 10,000 అడ్వాన్స్ కట్టాను. ఈ కోర్సు, ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ), గ్రూప్స్, ప్రైవేట్ ఐటీ - నాలుగింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. ఒక్కతే బిడ్డ, దూరం పంపే ఉద్దేశం లేదు. గవర్నమెంట్ అంటే సంబంధాలకు కూడా బాగుంటుంది. కొత్త లాప్‌టాప్ కొనమంటున్నారు, కొనాలా?

జవాబు:

సార్, ఫీజు ఎంతో రాశారు, సంబంధాల సంగతి రాశారు, లాప్‌టాప్ గురించి కూడా అడిగారు. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. ఆ విషయం చివర్లో మాట్లాడతాను, కోపగించుకోకుండా చదవండి.

ఈ ప్రశ్న నాకు ఏటా ఫైనలియర్ రిజల్ట్స్ రాగానే వస్తుంది. ఒక ఏడాది శాప్ పేరుతో, ఇంకో ఏడాది డేటా సైన్స్ పేరుతో, ఇప్పుడు ఈ-గవర్నెన్స్ పేరుతో. కోర్సు పేరు మారుతుంది, టెన్షన్ మాత్రం అదే: "మా బిడ్డ ఖాళీగా ఉండిపోదు కదా?" అందుకే దానికే ముందు జవాబు చెప్తాను. ఉండిపోదు. సీఎస్ఈ చదివిన పిల్లకు క్యాంపస్‌లో ఆఫర్ రాకపోతే అది ఒక చెడ్డ సంవత్సరం, అంతే. నియామకాలు తగ్గిన ఏడాది బయటికొచ్చిన బ్యాచ్‌లు ఇదివరకూ ఉన్నాయి, వాళ్లూ ఆర్నెల్లు ఏడాది ఆలస్యంగా కుదురుకున్నారు. ఈ వయసులో ఆ ఆలస్యం ఆమెకు పెద్ద లెక్క కాదు. లక్షా ఎనభై వేలు మాత్రం మీ జీతానికి పెద్ద లెక్కే.

ఇక ఆ కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

ప్రభుత్వ శాఖలో పర్మనెంట్ పోస్టు నోటిఫికేషన్, పరీక్ష, మెరిట్, రోస్టర్ మీదుగా వస్తుంది. ఇది నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఈ వరుసలో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే గ్యారంటీ ఎక్కడ దూరుతుంది? దూరేది ఒకే చోట, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ దగ్గర. మీ ఆఫీసులోనే కంప్యూటర్ ఆపరేటర్లు ఉంటారు కదా, వాళ్ల జీతం ఎవరి పేరు మీద వస్తుందో, ఎన్ని నెలలకు వస్తుందో ఒకసారి అడిగి చూడండి. "ఎన్ఐసీలో చేస్తున్నా" అని చెప్పే పిల్లల్లో కూడా చాలామంది ఎన్ఐసీ ఉద్యోగులు కారు. ఎన్ఐసీ కింద ఎన్ఐసీఎస్ఐ అనే సంస్థ ఉంది, దాని ఒప్పందం మీద ఏజెన్సీలు మనుషులను పంపుతాయి. పని నిజమే, అనుభవం నిజమే, కానీ పే స్లిప్ ఏజెన్సీది. ప్రాజెక్టు అయిపోతే సీటు కూడా అయిపోతుంది. అది చెడ్డ ఉద్యోగం అనడం లేదు, ఫ్రెషర్‌కు రెండేళ్లు నేర్చుకోవడానికి పనికొస్తుంది. దాన్ని "గవర్నమెంట్" అని అమ్మడమే మోసం. పైగా అలాంటి చోట్ల చేరడానికి డిప్లొమా అడగరు, జావా వచ్చా, డేటాబేస్ వచ్చా అని అడుగుతారు.

ఇలాంటి బ్రోషర్లలో సీసా (CISA) అనే కంప్యూటర్ సిస్టమ్స్ ఆడిట్ సర్టిఫికేషన్ పేరు కూడా కనిపిస్తుంది. పరీక్ష ఎవరైనా రాయొచ్చు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఐదేళ్ల అనుభవం చూపాలి, చదువును బట్టి కొంత మినహాయింపు ఉంటుంది. ఆ సంగతి మాత్రం బ్రోషర్‌లో ఉండదు.

కోర్సు మీద నమ్మకం లేదన్నాను గానీ, రంగం మీద నాకు అనుమానం లేదు. ప్రభుత్వ డబ్బు ఇప్పుడు నడిచేదే ఈ సిస్టమ్స్ మీద. మీరు పెట్టే బిల్లు రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సిస్టమ్ ఐఎఫ్ఎంఐఎస్‌లోకి వెళ్తుంది, ఎస్టీఓ (సబ్ ట్రెజరీ) ఆఫీసులో పాసవుతుంది, చెల్లింపు రిజర్వు బ్యాంకు వారి ఈ-కుబేర్ సిస్టమ్ గుండా ఖాతాలో పడుతుంది. కేంద్రం పథకాల డబ్బు మీద నిఘాకు పీఎఫ్ఎంఎస్ అనే సిస్టమ్ ఉంది, అది 2009లో ప్రణాళికా పథకాల పర్యవేక్షణకని వేరే పేరుతో మొదలై ఇప్పుడు కేంద్రం చెల్లింపులకు ఆధారమైంది. రైతుబంధునే చూడండి. 2018 మేలో హుజూరాబాద్‌ దగ్గర మొదలుపెట్టినప్పుడు చెక్కులు పంచారు. ఆ ఏడాదే రెండో విడతకల్లా డబ్బు నేరుగా ఖాతాల్లో పడటం మొదలైంది. వినడానికి సులువే. కానీ దాని వెనక పాస్‌బుక్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా ఒకదానితో ఒకటి కలవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ తర్వాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు పాత కోడ్‌తో వెళ్లిన చెల్లింపును ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి అని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఆ ఎవరో ఒకరు మీ అమ్మాయి కావచ్చు.

ఒక అపోహ కూడా వదిలించుకోండి. డీఏ అరియర్స్ రాకపోతే మన ఉద్యోగులంతా "ఈ-కుబేర్‌లో ఆగింది" అంటారు. సాఫ్ట్‌వేర్ ఆపిందనుకుంటారు. ఖజానాలో ఎంత ఉంది, ముందు ఏది చెల్లించాలి అన్న నిర్ణయం దగ్గరే సాధారణంగా ఆలస్యం. ఎంత ఆధునిక సిస్టమ్ పెట్టినా లేని డబ్బును పుట్టించలేదు. "టెక్నాలజీతో పాలన మారిపోతుంది" అని ఆ ఇన్‌స్టిట్యూట్ సెమినార్‌లో చెప్పేవాళ్ల మాటలు అమ్మాయి విని వస్తే, ఈ ఒక్క విషయం మీరే కూర్చోబెట్టి చెప్పండి.

ఈ రంగంలో కోడింగ్ వచ్చినవాళ్లకు కొరత లేదు. రూల్స్ తెలిసినవాళ్లకే కొరత. కెనడా ప్రభుత్వం 2016లో ఫీనిక్స్ అని కొత్త జీతాల సిస్టమ్ పెట్టింది, సుమారు 2,90,000 మంది ఉద్యోగుల కోసం. చేసిపెట్టింది ఐబీఎం లాంటి పెద్ద కంపెనీ. సిస్టమ్ వస్తోంది కదా అని జీతాల లెక్కలు తెలిసిన సిబ్బంది పోస్టులను ముందే తీసేశారు. తర్వాత కొందరికి ఎక్కువ పడింది, కొందరికి తక్కువ పడింది, కొందరికి నెలల తరబడి జీతమే లేదు. 2018లో అక్కడి ఆడిటర్ జనరల్ దాన్ని ఘోరమైన వైఫల్యంగా తేల్చారు. సెలవుల జీతం, అలవెన్సులు, ప్రమోషన్ నాటి జీతం ఫిక్సేషన్ - ఇవన్నీ మనసులో ఉన్న మనుషులను పంపేసి సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకున్నారు మరి.

అలా లెక్కలన్నీ మనసులో ఉంచుకున్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు సార్. మీరే. జీతాల బిల్లు పెట్టే ఫారం 47లో ఏ కాలమ్ తప్పితే బిల్లు ఆబ్జెక్షన్‌తో వెనక్కి వస్తుందో మీకు తెలుసు. 2515 అంటే ఏ పద్దో మిమ్మల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. బీటెక్ చదివిన పిల్లకు ప్రభుత్వ లెక్కల్లో పద్దును గుర్తించే ఆ నాలుగంకెల సంగతే తెలియదు. మొదటి అంకె 0 లేదా 1 అయితే రాబడి, 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే మూలధన వ్యయం, 6 లేదా 7 అయితే అప్పులు, 8 అయితే ముఖ్యంగా డిపాజిట్లు, పీఎఫ్‌ల వంటి పబ్లిక్ అకౌంట్ లెక్కలు. 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, 2071 పింఛన్లు. మేజర్ హెడ్ (ఈ పెద్ద పద్దు) నుంచి ఆబ్జెక్ట్ హెడ్ (జీతం, అద్దె లాంటి ఖర్చు రకం) దాకా ఆరు మెట్లు. ఈ వరుస అర్థమైన ప్రోగ్రామర్‌ను ఏ కంపెనీ అయినా వేరుగా చూస్తుంది, ఎందుకంటే క్లయింట్ మాట్లాడే భాష ఆమెకు అర్థమవుతుంది. అలాంటి దాన్ని లక్షా ఎనభై వేలిచ్చి బయట కొనుక్కొస్తానంటున్నారు!

ఆదివారాలు రెండు గంటలు కూర్చోండి. మీరు బిల్లు ప్రయాణం చెప్పండి, తను దాన్ని టేబుళ్లుగా గీసుకుంటుంది. ఆర్థిక శాఖ బడ్జెట్ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఇస్తుంది. కాగ్ (ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే సంస్థ) వెబ్‌సైట్‌లో రాష్ట్రాల నెలవారీ లెక్కలు ఉంటాయి. ఆ రెండూ తీసుకుని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పెట్టి, ఏ పద్దు కింద బడ్జెట్ ఎంత, నెలనెలా ఖర్చు ఎంత అని చూపించే చిన్న అప్లికేషన్ చేయమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నాకు తట్టడం లేదు. ఒక్క షరతు: ఆఫీసు లాగిన్, పాస్‌వర్డ్, నిజం బిల్లులు ఇంటికి తేవద్దు. డీడీఓ (బిల్లు మీద సంతకం చేసి డబ్బు డ్రా చేసే అధికారి) పాస్‌వర్డ్ ఆపరేటర్ నోట్‌బుక్‌లో రాసి ఉండే అలవాటు మన ఆఫీసుల్లో ఎంత ఉందో మీకు చెప్పనక్కర్లేదు. మలావీ దేశంలో 2013లో బయటపడ్డ కుంభకోణంలో ప్రభుత్వ ఆర్థిక సిస్టమ్ నుంచే చేయని పనులకు చెల్లింపులు చేసి, ఆ లావాదేవీలను చెరిపేశారు. లోపలివాళ్ల చేతిలో లాగిన్‌లు ఉంటే అంత పని జరుగుతుంది.

పోలిక అడిగారు కాబట్టి ఆ సంగతి కూడా. ఎన్ఐసీ నిజంగా మంచి ఉద్యోగం, కానీ నోటిఫికేషన్ ఏటా రాదు. 2023లో దేశం మొత్తానికి 598 పోస్టులు వచ్చాయి. అందులో సైంటిస్ట్-బి 71 మాత్రమే, మూల వేతనం 56,100 నుంచి మొదలు. 331 పోస్టులు టెక్నికల్ అసిస్టెంట్-ఎ, అవి 35,400 నుంచి. సిలబస్ సీఎస్ఈ పిల్లలకు కొత్తేమీ కాదు. గేట్‌కు చదివితే ఇదీ చదివినట్టే. కాబట్టి దాన్ని పక్కన పెట్టుకుని చదవాలి గానీ, దాని కోసమే కూర్చోకూడదు.

గ్రూప్స్‌లో మీ శాఖల వైపే వచ్చే పోస్టులున్నాయి: గ్రూప్-1లో అసిస్టెంట్ ట్రెజరీ ఆఫీసర్, అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్, గ్రూప్-3లో సీనియర్ అకౌంటెంట్, ఆడిటర్. డిగ్రీ చదివినవాళ్లకు కేంద్రం పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో కాగ్ వారి అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ పోస్టు కూడా ఉంది, దాన్ని మనవైపు ఎందుకో పట్టించుకోరు. కంప్యూటర్ తెలిసిన ఆడిటర్ విలువ రాను రాను పెరిగేదే. అయితే ఈ పరీక్షలు ఏళ్లు మింగుతాయి. అమ్మాయికి చరిత్ర, ఎకానమీ చదవడం ఇష్టమైతేనే.

ప్రైవేట్ ఐటీ గురించి మీ భయం సగం నిజం. కానీ పాస్‌పోర్ట్ సేవ నడిపేది టీసీఎస్, జీఎస్‌టీ సిస్టమ్ కట్టింది ఇన్ఫోసిస్. ప్రభుత్వ సిస్టమ్స్ మీద పని చేయాలంటే ప్రభుత్వంలోనే చేరాలని లేదు. మన దగ్గర మడికొండలో కూడా 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచాయి. చిన్న కంపెనీలో తక్కువ జీతానికైనా ముందు చేరమని నా సలహా. ఎన్ఐసీ, సీజీఎల్ చదువు దాంతో పాటు సాగనివ్వండి.

ఇప్పుడు చివర్లో అంటానన్న మాట. ఎన్ఐసీ కావాలంటున్నారు, దూరం పంపనంటున్నారు. ఎన్ఐసీలో ఎంపికైతే పోస్టింగ్ హన్మకొండ కలెక్టరేట్‌లోనే వేస్తారా? దేశంలో ఎక్కడైనా వేయొచ్చు. గువాహటి వేస్తే పంపుతారా? పంపనివాళ్లు ఆ పరీక్ష రాయించి ఏం లాభం? సంబంధాల కోసం ఉద్యోగం అన్న మాట ఆమె చెవిన పడేలా ఇంట్లో అనకండి. క్యాంపస్‌లో రాలేదన్న బాధ ఆమెకు ముందే ఉంది, దాని మీద ఇదొకటి. మీరు చెడ్డ తండ్రి అనడం లేదు, భయపడ్డ తండ్రి. ఆ భయానికి బిల్లు పిల్ల పేరు మీద పెట్టారు, అది న్యాయం కాదు. ఇవాళ సాయంత్రం తనను అడగండి: కోడ్ రాయడం ఇష్టమా, లెక్కలు తనిఖీ చేయడం ఇష్టమా, మనుషులతో మాట్లాడి వాళ్లకేం కావాలో రాసుకోవడం ఇష్టమా? "నాకు ఇవేవీ వద్దు" అన్నా వినండి. అప్పుడు నాకు తననే రాయమనండి.

అడ్వాన్స్ విషయం. పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్ల అపాయింట్‌మెంట్ ఆర్డర్లు చూపించమని, వాటి మీద శాఖ పేరుందా ఏజెన్సీ పేరుందా చూస్తానని రాతపూర్వకంగా అడగండి. ఈమెయిల్‌లో అడిగితే మంచిది. చూపించకపోతే ఆ మెయిల్‌తోనే రూ. 10,000 వెనక్కి అడగండి. రసీదు మీద "నాన్ రిఫండబుల్" అని ఉన్నా అడగండి, వినియోగదారుల కమిషన్ పేరెత్తితే చాలాసార్లు తిరిగిస్తారు. ఇవ్వకపోతే పదివేలతో వదిలేయండి, దాని వెనక మిగతా డబ్బు పంపొద్దు.

లాప్‌టాప్ కొనక్కర్లేదు. కాలేజీలో వాడిన దానిలో 8 జీబీ ర్యామ్ ఉంటే జావా, పోస్ట్‌గ్రెస్ రెండూ హాయిగా నడుస్తాయి. బాగా నెమ్మదిగా ఉందంటే ఎస్ఎస్‌డీ ఒకటి వేయించండి.