"ఇద్దరికీ సరే అనేశాను, ఇప్పుడేం చేయను?"

ప్రశ్న: అక్కా, నాకు 20 ఏళ్ళు. అమ్మది ఒక మతం, నాన్నది ఇంకొకటి. ఏవేంటో రాయడం లేదు, రాస్తే అందరూ ఆ మతాల గురించే మాట్లాడతారు, నా సంగతి పక్కకి పోతుంది. ఇద్దరూ ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు, ఎవరూ మతం మారలేదు, పుట్టే బిడ్డ పెద్దయ్యాక తనకి నచ్చింది ఎంచుకుంటుందని అప్పుడే అనుకున్నారట. చిన్నప్పటి నుంచీ అమ్మతో వెళ్తే అమ్మలాగా, నాన్నతో వెళ్తే నాన్నలాగా ఉండటం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు నాన్నకి ఆరోగ్యం బాగోలేదు. పోయిన నెల ఒకరోజు, అమ్మ ఇంట్లో లేనప్పుడు, "నేను పోతే నన్ను మా పద్ధతిలో సాగనంపాల్సింది నువ్వే" అన్నారు. సరే అన్నాను. ఆ రాత్రే అమ్మ వచ్చి నా పక్కన పడుకుని "నువ్వు నా దారిలోనే ఉంటావు కదా" అంది. దానికీ సరే అన్నాను. నిజం చెప్పాలంటే నాకు రెండింటిలో దేని మీదా గట్టి నమ్మకం లేదు. ఇద్దరికీ అబద్ధం చెప్పేశాను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది, నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివాక నాకూ చాలాసేపు వేరే పని మీదికి మనసు పోలేదు. ముందు ఒక్క విషయం చూడు. నువ్వు చెప్పిన రెండు "సరే"లూ ఒకలాంటివి కావు. నాన్న నిన్ను అడిగింది ఒక పని. అమ్మ అడిగింది నీ నమ్మకం. పని చేస్తానని మాట ఇవ్వొచ్చు, నిలబెట్టుకోనూ వచ్చు. ఫలానాది నమ్ముతానని ముందే మాట ఇవ్వడం మాత్రం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే నమ్మకం మనం పిలిచినప్పుడు రాదు, పొమ్మంటే పోదు. కాబట్టి నాన్నకి నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆయన కోరింది ఆయన మీద ప్రేమతో చేయొచ్చు, అలా చేసినంత మాత్రాన నువ్వు ఆయన మతంలో చేరిపోయినట్టు కాదు. అమ్మ దగ్గర మాత్రం నువ్వు సర్దుకోవాల్సింది కొంచెం ఉంది, దాని సంగతికి వస్తాను.

నేనూ ఇంచుమించు ఇలాంటి ఇంట్లోనే పెరిగాను. మా అమ్మకి దేవుడే లోకం, నాన్నకి దేవుడే లేడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు బాగా జ్వరం వచ్చింది. అమ్మ తల దగ్గర కూర్చుని పెదాలు కదిలీ కదలనట్టు ప్రార్థన చేస్తూ ఉండేది, నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని గుడ్డ తడిపి అరికాళ్ళు తుడుస్తూ, గడియారం చూసుకుంటూ నాకు మందు పోసేవాడు. తెల్లవారుజామున జ్వరం దిగింది, నాకు తెలుస్తూనే ఉంది. అయినా కళ్ళు తెరవలేదు. తెరిస్తే అమ్మ "దేవుడు విన్నాడు" అంటుంది, నాన్న "మందు పట్టింది" అంటాడు, తర్వాత ఇద్దరూ నా మొహం వైపు చూస్తారు. అందుకని ఇంకో గంటసేపు నిద్ర నటించాను. వాళ్ళిద్దరూ రాత్రంతా మేలుకుని ఉన్నారు, పడుకుంటే బాగుండు అని లోపల అనుకుంటూనే నటించాను. నువ్వు 20 ఏళ్ళుగా చేస్తున్నదీ అదే అనిపించింది నాకు.

"పెద్దయ్యాక నీకు నచ్చింది ఎంచుకో" అన్న మాట తల్లిదండ్రులు మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట పిల్లల చెవికి ఇంకోలా చేరుతుంది. ఏదో ఒకరోజు అమ్మానాన్నల్లో ఒకరిని ఎంచుకుని రెండోవాళ్ళని ఓడించాలి అన్నట్టు వినిపిస్తుంది. నీ భయం దేవుడి గురించి కాదని నాకు అనిపిస్తోంది. ఒకరి మొహం చిన్నబోతుందని భయం.

ఇంకో మాట. "అసలు నేను ఏ మతం దాన్ని" అని నీకు తేలకపోవడం నీ లోపం అనుకోకు. మతాల లెక్కలే ఒకదానితో ఒకటి కలవవు. యూదుల సంప్రదాయంలో తల్లి యూదురాలైతే బిడ్డ యూదుబిడ్డ. ఇస్లాం సంప్రదాయంలో తండ్రి ముస్లిం అయితే బిడ్డ ముస్లిం. మరి తల్లి యూదురాలు, తండ్రి ముస్లిం అయితే? ఇద్దరూ మావాడే అంటారు. తండ్రి యూదుడై, తల్లి క్రైస్తవురాలై, బిడ్డకి బాప్తిస్మం ఇప్పించకపోతే పాత లెక్క ప్రకారం ఆ బిడ్డ ఎటూ కాదు. ఈ నియమాలు కూడా ఎప్పుడూ ఒకేలా లేవు. అమెరికాలోని సంస్కరణవాద యూదు మతగురువులు 1983లో తల్లి అయినా తండ్రి అయినా ఒకరు యూదులై, పిల్లలు అలా పెరిగితే చాలని తీర్మానించారు. క్యాథలిక్కుల్లో ఒకప్పుడు వేరే మతం భాగస్వామి కూడా పిల్లల్ని క్యాథలిక్కులుగానే పెంచుతానని మాట ఇవ్వాల్సి వచ్చేది, 1970 నుంచి ఆ మాట క్యాథలిక్ భాగస్వామి ఒక్కరే, చేతనైనంత ప్రయత్నిస్తానని ఇస్తే సరిపోతోంది. పెద్ద పెద్ద మతాలే ఇన్నేళ్ళు తర్జనభర్జన పడ్డ విషయం, 20 ఏళ్ళకే నువ్వు ఒక్కదానివీ తేల్చేయాలా?

ఇప్పుడు చేయాల్సిన పని. నాన్న కోరిక నీకూ ఆయనకీ మధ్య రహస్యంగా ఉండిపోకూడదు, ఇది చాలా ముఖ్యం. రేపు ఏదైనా జరిగితే, ఆ దుఃఖంలో, బంధువులందరి ముందు, "నాన్న ఇలా చెప్పారు" అని నువ్వు అమ్మకి చెప్పాల్సి వస్తే అది నీకూ ఆవిడకీ నరకం. ఆయన ఓపికగా ఉన్న రోజు చూసి "నాన్నా, నాతో అన్నది అమ్మతో కూడా మీరే చెప్పండి, నేను పక్కనే ఉంటాను" అను. వీలైతే ఆయన చేత్తోనే ఒక కాగితం మీద రాయించు. ఆ పద్ధతిలో కూతురు చేయొచ్చా, ఆ మతం పాటించని మనిషి చేయొచ్చా, ఏ భాగం వేరేవాళ్ళు చేయాలి అన్నది వాళ్ళ మతపెద్దల్ని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఇవన్నీ ఆ రోజు తెలుసుకునే విషయాలు కావు.

అమ్మ దగ్గరికి వస్తే, ఇకపైన ఒక గీత పెట్టుకో. ఆవిడతో వెళ్ళడం, పక్కన కూర్చోవడం, తల వంచడం, ఇవేవీ అబద్ధాలు కావు, ఆవిడకి ఇష్టమైన చోట ఆవిడ పక్కన ఉంటున్నావు, అంతే. లేని నమ్మకాన్ని ఉందని నోటితో అనడం మాత్రం మానెయ్. "అమ్మా, ఆ రోజు నువ్వు అడిగితే నీ మనసు నొచ్చుకుంటుందని సరే అన్నాను. నాకింకా ఏదీ తేలలేదు. నీతో రావడం మాత్రం మానను" అని చెప్పు. ఏడుస్తుందేమో. ఏడిస్తే ఏడవనీ, వెంటనే ఓదార్చడానికి మళ్ళీ ఇంకో సరే అనకు. తేలడానికి గడువు అంటూ ఏమీ లేదు. క్రైస్తవులు గొప్ప మతాచార్యుడిగా తలచే అగస్టీన్‌నే చూడు. ఆయన తల్లి మోనికా క్రైస్తవురాలు, తండ్రి చాలాకాలం ఆ మతంలో లేడు, కొడుకు వీళ్ళిద్దరిదీ కాని మూడో దారిలో ఏళ్ళ తరబడి నడిచి, చివరికి బాప్తిస్మం తీసుకునేసరికి, అంటే క్రీ.శ. 387లో, 32 ఏళ్ళు వచ్చాయి. నువ్వు ఆయనలాగా తల్లి దారికే రావాలని కాదు నేను చెప్పేది, పట్టినంత కాలం పట్టనీ అంటున్నాను.

ప్రశ్న: నేను ఏ దేవుణ్ణీ నమ్మను. నా భార్య బాగా నమ్ముతుంది. మా పాపకి ఆరేళ్ళు. మొన్న "నాన్నా, అమ్మ చెప్పే దేవుడు ఉన్నాడా, లేడా?" అని అడిగింది. పక్క గదిలోంచి నా భార్య తలెత్తి నా వైపే చూస్తోంది. టెన్షన్‌లో "అమ్మని అడుగు" అని తప్పించుకున్నాను. ఏం చెప్పి ఉండాల్సింది?

జవాబు: ఉన్నది ఉన్నట్టు. "అమ్మ ఉన్నాడని నమ్ముతుంది, నేను నమ్మను, అయినా మేమిద్దరం ఒకరంటే ఒకరికి ఇష్టం" అని. ఆ మూడో ముక్క తప్పకుండా చెప్పండి. ఆరేళ్ళ పిల్ల ఆ ప్రశ్న అడిగేటప్పుడు సగం దేవుడి గురించి అడుగుతుంది, సగం మీరిద్దరూ పోట్లాడుకుంటారా అని అడుగుతుంది. "అమ్మని అడుగు" అంటే ఆ రెండో సగానికి జవాబు దొరకలేదు, పైగా ఇది నాన్న దగ్గర ఎత్తకూడని విషయం అని అర్థమై ఉంటుంది.

మీలాంటి ఇల్లే ఒకటి చెప్తాను. చార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మాని పెళ్ళి చేసుకునే ముందు, సందేహాలు దాచిపెట్టు అని సొంత తండ్రే సలహా ఇచ్చినా వినకుండా, ఆమెకి అన్నీ చెప్పేశాడు. చనిపోయాక మనం విడిపోతామేమో అన్న భయంతో ఆమె ఆయనకి ఒక ఉత్తరం రాసింది. ఆయన దాన్ని జీవితాంతం దాచుకున్నాడు, ఎన్నోసార్లు దీన్ని ముద్దు పెట్టుకుని ఏడ్చానని దాని మీదే రాసిపెట్టాడు. ఎమ్మా పిల్లల్ని తీసుకుని చర్చికి వెళ్తే ఆయన ఆ సమయంలో నడకకి వెళ్ళేవాడు. ఇంత ప్రేమగల ఇంట్లో కూడా కొన్ని మాటలు పిల్లల ముందు పూర్తిగా తెరుచుకోలేదేమో. ఎందుకంటే 1882లో ఆయన పోయాక, స్వీయచరిత్రలో మతం గురించి రాసినవి అచ్చు వేయాలా వద్దా అని పిల్లల మధ్యే గొడవ వచ్చింది. కొన్ని భాగాలు తీసేసి 1887లో వేశారు. పూర్తి ప్రతి బయటికి వచ్చింది 1958లో, మనవరాలి చేతుల మీదుగా.

అందుకే అంటున్నాను, మీ భార్యతో ముందు మాట్లాడి, ఒక సాయంత్రం ముగ్గురూ కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మీరే మళ్ళీ ఎత్తండి. ఆవిడ ఎందుకు నమ్ముతుందో ఆవిడే చెప్పనీయండి, మీ వంతు వచ్చేదాకా మధ్యలో నవ్వకండి. ఆవిడ ప్రార్థన చేసుకునేటప్పుడు టీవీ సౌండ్ తగ్గించండి, పిల్ల అది కూడా చూస్తుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 14వ అధికరణంలో పిల్లలకీ ఆలోచన, అంతరాత్మ, మత స్వేచ్ఛలు ఉన్నాయని రాసి, పిల్లల ఎదుగుదలకి తగ్గట్టు దారి చూపే బాధ్యతా హక్కూ తల్లిదండ్రులకి ఇచ్చారు. ఇద్దరికీ కలిపి ఇచ్చారు, ఆవిడ ఒక్కరికో మీ ఒక్కరికో కాదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు వేరు వేరు మతాలు. నాలుగేళ్ళ మనవడికి ఏదీ నేర్పడం లేదు. మా ఇంటికి వచ్చినప్పుడు నేనే నేర్పుతున్నాను, "అమ్మకి చెప్పకు" అని చెప్పి. తప్పా?

జవాబు: తప్పేనండి. నేర్పడం కన్నా ఆ "చెప్పకు" అన్నది పెద్ద తప్పు. చాటుగా చేసిన ఇలాంటి పని ఎంతదూరం పోగలదో చెప్తాను. అప్పట్లో పోపు పాలనలో ఉన్న ఇటలీ నగరం బొలోన్యాలో ఒక యూదు కుటుంబం పసిబిడ్డకి జబ్బు చేస్తే, వాడు ఏమైపోతాడో అన్న భయంతోనే పనమ్మాయి ఎవరికీ చెప్పకుండా బాప్తిస్మం ఇచ్చింది. ఆ సంగతి బయటపడ్డాక, 1858లో, క్రైస్తవుడైన బిడ్డ యూదుల ఇంట్లో పెరగకూడదని చెప్పి ఆరేళ్ళ ఎడ్గార్డో మొర్తారాని పోలీసులు తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయారు. ఇప్పుడు పోలీసులు రారు, నిజమే. కానీ మీ మనవడు తల్లి దగ్గర మాట దాచడం నేర్చుకుంటున్నాడు, అదీ మీ ఒళ్ళో కూర్చుని.

ఈరోజే మీ అమ్మాయికి ఫోన్ చేసి, వాడికి నేర్పినవి ఇవీ అని మీరే చెప్పండి. కోప్పడితే కోప్పడనీయండి. తర్వాత "నేను నమ్మేది వాడు చూస్తే మీకు అభ్యంతరమా" అని అమ్మాయినీ అల్లుణ్ణీ ఇద్దర్నీ అడగండి, చాలామంది దానికి ఒప్పుకుంటారు. ఏమన్నా సరే, ఈసారి వాడు వచ్చినప్పుడు దగ్గరికి తీసుకుని "అమ్మకి నేనే చెప్పేశాను నాన్నా, నువ్వింక ఏమీ దాచక్కర్లేదు" అనండి.